రాహేలమ్మ దవడ పన్ను

రాహేలమ్మకు యాభై ఏడేళ్లు. మైదుకూరు పక్క పల్లెలో, పసుపు ఉడకబెట్టే కళ్లాల్లో నలభై ఏళ్లుగా కూలి. పొగకు కళ్లు మసకబారాయి, వంగి వంగి నడుము పట్టేసింది. మొన్న వానాకాలం పంటినొప్పి కూడా తోడైంది. చర్చిలో పెట్టిన దంత వైద్య శిబిరానికి వెళ్లి కింది దవడ పన్ను పీకించుకుంది.

పీకిన డాక్టరమ్మ పేరు జీవిత. ఆమె పళ్ల మీద పరిశోధన చేస్తోంది. “ఈ పన్ను నాకిస్తావా అమ్మా?” అని అడిగింది.

“పుచ్చిపోయిన పన్ను, నాకెందుకు? తీసుకో తల్లీ.”

నాలుగు నెలలకు జీవిత ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చి అరుగు మీద కూర్చుంది.

“నువ్వు పుట్టినప్పటి నుంచే ఈ పన్ను చిగుళ్ల లోపల తయారవుతా వచ్చిందమ్మా. పొర మీద పొర. అప్పుడు తాగిన పాలు, నీళ్ల గుర్తులన్నీ ఆ పొరల్లో ఉంటాయి. తల్లిపాలు తాగినన్నాళ్లూ బేరియమనే లోహం ఎక్కువ కనిపిస్తుంది. నీకు రెండేండ్లు వచ్చేదాకా అది ఉండాది. ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోయింది.”

“తప్పు చూసింటావు. నేను పుట్టిన నెలకే మా యమ్మ నన్ను పడేసి యాడికో పాయ. మా పెద్దమ్మ గంజినీళ్లు పోసి సాకింది.”

“రెండుసార్లు చూసినానమ్మా. రెండుసార్లూ అదే వచ్చింది.”

పెద్దమ్మ పోయి పన్నెండేళ్లయింది. ఆ కాలం ఎరిగినవాడు పక్కింటి ముసలాయన గాబ్రియేలు ఒక్కడే మిగిలాడు. రాహేలమ్మ ఆయన మంచం పక్కన చతికిలబడి అడిగింది. ఆయన లేచి కూర్చున్నాడు.

“నీకు రెండేండ్లప్పుడు మీ యమ్మ వాంతులు భేదులతో చచ్చిపోయింది పాపా. అంతవరకూ నిన్ను చంక దించలా. మీ పెద్దమ్మకు బిడ్డల్లేరు. చచ్చిపోయిందంటే తల్లి కోసరం ఏడుస్తావు, వదిలేసిందంటే తననే అమ్మనుకుంటావని ఆమె ఆశ. చెప్పొద్దని మాతో ఒట్టు పెట్టించుకునింది.”

“పెద్దమ్మ పోయినాకైనా చెప్పకపోతివి మామా.”

“ఇంత వయసొచ్చినాక ఎందుకులే అనుకుంటి.”

కోపం తెచ్చుకునే ఓపిక ఆమెకు లేదు. యాభై ఏళ్లు తల్లిని తిట్టుకుంది. ఆమె పేరేమిటని కూడా ఎవరినీ అడగలేదు. “యాడ పూడ్చినారు?” అని మాత్రం అడిగింది.

మర్నాడు పొద్దున్నే కొడవలి తీసుకుని సమాధుల దొడ్డికి పోయింది. గాబ్రియేలు కర్ర ఊతంతో వెనకే వచ్చాడు. దొడ్డి వెనక కంపచెట్ల మధ్య పేరు రాయని మట్టిదిబ్బలు మూడున్నాయి. వాటిలో ఏది ఆమె తల్లిదో ఆయనకు గుర్తు రాలేదు.

“అలివేలు... కాదు, ఆరోగ్యమ్మ. మీ యమ్మ పేరు ఆరోగ్యమ్మ,” అన్నాడు, అది మాత్రం గుర్తున్నందుకు సంతోషపడుతూ.

రాహేలమ్మ మూడు దిబ్బల చుట్టూ కంప కొట్టేసింది. చేతులు గీసుకుపోయాయి. కాసేపు కూర్చుని, మధ్యాహ్నం బువ్వ వేళకు కళ్లానికి పోయింది. సగం కూలి అయినా వస్తుంది.