మొదటి బంతిలో ఒక ఆకు

నా చిన్నప్పుడు మా చిన్నమ్మ పెళ్ళిలో సన్నాయి ఊదిన మనిషి ఈ వేసవిలో పోయాడు. తెలుగు సరిహద్దు అవతల, మా దోర్నపాల్ బజారులో ఆయన పేరున సభ పెట్టి నన్నూ పిలిచారు. ఆయన సన్నాయి విన్న ముసలివాళ్ళం ఇంకెంతమందిమి మిగిలాం గనక. ఫోటోకు శాలువా కప్పారు, కొంత హిందీలో, కొంత తెలుగులో మాట్లాడారు. ఊరి పెద్దమనిషి ఒకాయన మైకు పట్టుకుని, ఈ కళాకారుడు బతికినన్నాళ్ళూ ఎవరినీ ఏదీ అడగలేదు, అదే ఆయన గొప్పతనం అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన అడిగాడు. అడిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నేను బడికి పోయింది రెండేళ్ళే, రాయడం నాకు కష్టం. అయినా ఇది నేను రాయకపోతే ఆ మైకు మాటే నిజమైపోతుంది.

మా అమ్మమ్మ ఊరు దోర్నపాల్‌కు దగ్గరే. అక్కడి పెళ్ళిళ్ళలో సన్నాయి, డోలు మోగనిదే తాళి కట్టేవారు కాదు. సంతలో హల్బీ భాష మాట్లాడేవాళ్ళు దాన్ని మోహరి అనేవారు, మేము సన్నాయి అనేవాళ్ళం. పేరు ఏదైనా ఊదేవాడు లేకపోతే పెళ్ళి ఆగేది. అంత అవసరమైన మనుషులకు అన్నం ఎక్కడ పెట్టేవారంటే, అందరూ తిని చేతులు కడుక్కున్నాక, పశువుల కొట్టం పక్కన, గిన్నెల్లో అడుగున మిగిలింది. అది తప్పని ఎవరికీ తోచేది కాదు. నాకూ తోచలేదు. చిన్నపిల్లను, ఉన్నదాన్ని ఉన్నట్టే చూసేదాన్ని.

చిన్నమ్మ పెళ్ళికి వచ్చిన సన్నాయి మామ అప్పుడు మీసం నల్లబడుతున్న వయసువాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. వెంట డోలు కొట్టే పెద్దాయన ఉన్నాడు. ఇద్దరూ తెల్లవారుజాము నుంచి వాయిస్తున్నారు. చిన్నమ్మకు మంగళస్నానమప్పుడు వాయించారు, మగపెళ్ళివాళ్ళకు ఎదురుకోలప్పుడు వాయించారు, పందిట్లో కూర్చుని మళ్ళీ మొదలుపెట్టారు. మధ్యలో మంచినీళ్ళు ఎవరిచ్చారో నాకు గుర్తు లేదు.

పెళ్ళికొడుకు మేనమామ దోర్నపాల్‌లో చింతపండు కొని లారీలకు ఎత్తించే వ్యాపారి. ఆయనకు ఒక సరదా పుట్టింది. సన్నాయి ఊదేవాడి ఎదుట ఎవరైనా చింతకాయ తింటే అతని నోట్లో నీళ్ళూరి పాట తప్పుతుందని అందరికీ తెలుసు. ఆయన దోర చింతకాయలు తెప్పించి, మా పిల్లలందరి చేతుల్లో పెట్టి, సన్నాయి మామ ముందు వరసగా కూర్చోబెట్టాడు. పిల్లలు చప్పరిస్తుంటే పెద్దవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. మామ కళ్ళు దించుకుని ఊదుతూనే ఉన్నాడు. నేను ఇంకా నా చింతకాయ కొరకలేదు. ఆయన మెడ మీద నరాలు ఉబ్బడం చూస్తూ ఉండిపోయాను.

పూజారి తాళి పళ్ళెం అందుకునే వేళకు సన్నాయి ఆగిపోయింది.

"ఏందిరా, నోట్లో చెరువు తెగిందా?" అన్నాడు మేనమామ. పందిరంతా నవ్వింది.

"తెగింది దొరా" అని మామ సన్నాయిని ఒళ్ళో పెట్టుకున్నాడు. తరువాత నా వైపు చెయ్యి చాచి, "ఏదీ బిడ్డా, నీది నాకియ్యి" అన్నాడు. ఇచ్చాను. దాన్ని తాపీగా ఒలిచి నోట్లో వేసుకుని, పండగనాడు మిఠాయి తిన్నట్టు చప్పరించాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ముహూర్తం దాటుతోందని పూజారి గొణిగాడు. ఊదమని ఒకరు, తన్నమని ఒకరు అన్నారు. ఇంకొకణ్ణి పిలిపిద్దామంటే మరో సన్నాయి దూరాన కోంట ఊళ్ళో తప్ప లేదు.

తాతయ్య లేడు కాబట్టి ఆ పెళ్ళి నడిపేది మా అమ్మమ్మే. మామ ఆమెను చూసి చెప్పాడు.

"పెద్దమ్మా, సన్నాయి పీక తడిసింది, నోరు ఊరుతాంది. ఇది ఆరాలంటే నీ నోటెంట ఒక మాట రావాలె. మొదటి బంతిల నాకూ, మా డోలాయనకూ రెండాకులు ఏస్తనని అను. కొట్టం కాడ గాదు, అందరి నడుమ."

అరవలేదు, బతిమాలలేదు. ఆకలేస్తోందని కూడా అనలేదు. అమ్మమ్మ పీటల వైపు చూసింది, మగపెళ్ళివాళ్ళ వైపు చూసింది. ఆమె గట్టి మనిషి. ఒప్పుకుంటే మగపెళ్ళివాళ్ళు లేచిపోతారు, ఒప్పుకోకపోతే తాళి ఆగుతుంది. అప్పుడు పీటల మీద తల వంచుకుని కూర్చున్న మా చిన్నమ్మ, తల ఎత్తకుండానే అంది, "ఆకులకేం కరువమ్మా. అడివి నిండా అడ్డాకులే గద."

పెళ్ళికూతురు మాట్లాడటం అదే మొదటిసారి చూశాను. అమ్మమ్మ, "ఏస్త. ఊదు" అంది.

మామ ఆ మాట అందుకోవడమే ఆలస్యం, సన్నాయి ఎత్తాడు. ఒక్క జీర లేదు, ఒక్క తడబాటు లేదు. తాళి కట్టిందాకా పందిరి అదిరేలా ఊదాడు. అక్షింతలు పడ్డాక సన్నాయి దించి, బుగ్గలోంచి చింతగింజ తీసి నా అరచేతిలో పెట్టి కన్ను గీటాడు. అంతసేపూ అది ఆయన బుగ్గలోనే ఉంది. నోట్లో చెరువూ తెగలేదు, పీకా తడవలేదు. ఆ చింతకాయలు ఆయన్ని ఆపలేదు, ఆయనే ఆగాడు. తనను నవ్వులపాలు చెయ్యడానికి తెచ్చిన కాయతోనే తనకు కావలసింది అడిగాడు. ఈ సంగతి అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ గింజను నేనేమీ దాచుకోలేదు. మిగతా గింజలతో కలిపి సంతలో అమ్మేశాం. గింజలు పారేసే ఇల్లు కాదు మాది.

అమ్మమ్మ మాట తప్పలేదు. మొదటి బంతి నడిమధ్యన ఇద్దరికీ ఆకులు వేయించింది. వడ్డించిన ఆకు ముందు నుంచి మేనమామ లేచాడు, ఆయన వెంట ఇంకొందరు లేచారు. అమ్మమ్మ వాళ్ళను ఆపలేదు. "లేచినోళ్ళ ఆకులు తియ్యకుండ్రి. ఎనక నిలబడ్డోళ్ళని కూసోబెట్టుండ్రి" అంది. కూలికి వచ్చినవాళ్ళు కూర్చున్నారు. ఒక్క మెతుకు వృథా కాలేదు.

దానికి ఊరు ఏం చేసిందో వినండి. ఆ మేనమామ ఇంటింటికీ చెప్పి, ఇక ఉన్నవాళ్ళ ఏ ఇంటి పెళ్ళికీ మామను పిలవనివ్వలేదు. పొగరుబోతని పేరు పెట్టారు. ముందు కోంట మేళం, తరువాత జగదల్‌పూర్ బ్యాండు, ఇప్పుడు గుండెలు అదరగొట్టే డీజే వచ్చాయి. మామ సంతలో మంచాలకు నులక అల్లి బతికాడు. అడవి పల్లెల్లోని దోర్ల వాళ్ళు, కూలివాళ్ళు పిలిస్తే మాత్రం సన్నాయి తీసుకుని పోయేవాడు. వాళ్ళు జావ పోసినా పక్కన కూర్చోబెట్టుకుని పోసేవారు. ఎక్కడికి పిలిచినా ఆయన షరతు ఒకటే, బంతిలో ఆకు. బతికినన్నాళ్ళూ అడిగింది అదే. పెద్దిళ్ళవాళ్ళు ఇవ్వనిది అదే. సభలో మైకు పట్టుకున్న పెద్దమనిషి ఎవరనుకున్నారు? ఆ మేనమామ మనవడే.

సభ అయ్యాక భోజనాలు. ఫోటోను ఊరేగించినప్పుడు డోలు కొట్టింది మామ కొడుకూ, అతని తోడల్లుడూ. టెంటు కింద మమ్మల్ని వరసగా కూర్చోబెట్టారు, ఆ ఇద్దరికీ జనరేటరు పక్కన పొట్లాలు చేతికిచ్చారు. తండ్రి ఫోటోకు శాలువా, కొడుకుకు పొట్లం.

నా ముందు అన్నం, పప్పు, వేడి వేడి కూర వడ్డించారు. నేను చెయ్యి పెట్టలేదు. పెద్దమనిషి వచ్చి, "ఏమైంది దాదీ, బాగాలేదా?" అన్నాడు.

"ఆ సన్నాయాయన ఏదీ అడగలేదన్నవు గద. నేనడుగుతున్న. డోలు కొట్టినోళ్ళకు నా పక్కన ఆకులెయ్యి" అన్నాను.

అతను నవ్వాడు, తరువాత చుట్టూ చూశాడు. నా వరసలో ఒక్కొక్కరే చేతులు ఆపుకున్నారు. కుర్చీలు జరపడానికి, విస్తళ్ళు తేవడానికి, ఆ ఇద్దరి సిగ్గు వదిలించి కూర్చోబెట్టడానికి చాలాసేపే పట్టింది. ఈలోపు నా కూర చల్లారి నెయ్యి పేరుకుంది. చల్లటి కూర నాకు సహించదు. అయినా మామ కొడుకు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక, నా ఆకు మీద మెతుకు మిగలకుండా తుడుచుకుని తిన్నాను.