ఆ ఒక్క చుట్టు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంటావిడ ఊరంతా చెబుతుంది. కాదనను. కానీ ఆ వారం వచ్చిన కోపానికి తగిన కారణం ఉందనే అనుకున్నాను.

మాది ముదినేపల్లి. పెళ్ళి ఊరేగింపులకు తిప్పే ఆడ గుర్రం ఒకటి ఉంది నాకు. ముసురు రోజుల్లో జీను కింద చెమ్మ ఆరక దాని వీపు మీద పుండ్లు లేచాయి. ముందు వెంట్రుకలు తీసెయ్యాలని, లేకపోతే మందు చర్మానికి అంటదని, పుండు లోపలికి దిగితే ఇక జీను వెయ్యడం కుదరదని గుడివాడలో పశువుల డాక్టరు గారు చెప్పారు. తీద్దామంటే నా కటింగ్ మిషన్ మొరాయించింది. కత్తిరించడం మానేసి వెంట్రుకలు పీకుతోంది.

కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని అరగంట పాట వినిపించారు. చివరికి ఒకమ్మాయి కొరియర్లో పంపమంది, నెల పడుతుందంది. నెల! పుండుకి ఆ సంగతి ఎవరు చెప్పాలి? ఒళ్ళు మండి ఫోన్ మంచం మీదకి విసిరేసి, మిషన్ సంచిలో వేసుకుని బందరు బస్సెక్కాను.

అక్కడ మిక్సీల షాపువాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "గుర్రానికి కూడా క్రాపేనా బావగారూ? ఫేషియల్ ఎక్కడ చేయిస్తారు?" అన్నాడు. షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. వాడి మిక్సీలన్నీ నేలకేసి కొట్టాలనిపించింది.

కోర్టు దారిలో సెలూన్ల మిషన్లు బాగుచేసే పెద్దాయన మాత్రం నవ్వలేదు. మూత విప్పి, లోపల ఉండకట్టిన వెంట్రుకలు పాత టూత్‌బ్రష్‌తో గీకి తీశాడు. రెండు బ్లేళ్ళకీ పదును పెట్టి, నూనె చుక్కలు వేసి, పైనున్న నట్టు వేళ్ళతోనే బిగించాడు.

"ఈ నట్టు ఇక్కడే ఉండాలండీ. దీన్ని కదపకండి," అన్నాడు. సరేనన్నాను.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాను. గుర్రానికి ఆ మిషనంటే ఇష్టం. చప్పుడు వినగానే మెడ దించి, నా భుజం మీద గడ్డం ఆనిస్తుంది. ఆ రోజు రెండు నిమిషాలకే ఉలిక్కిపడి పక్కకి జరిగింది. "నిలబడవే!" అని కసిరాను. మళ్ళీ జరిగింది. తాడు పొట్టిగా కట్టి, అరుస్తూనే పని పూర్తిచేశాను. చూస్తే పుండ్ల పక్కన బ్లేడు వెడల్పున కాలిన చారలు. బ్లేడు ముట్టుకున్నాను. వేలు చుర్రుమంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. బందరు దాకా బస్సులో ఆ పెద్దాయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. షాపు మెట్లెక్కకముందే అందుకున్నాను.

"ఏమయ్యా, రిపేరు చెయ్యమంటే నా గుర్రాన్ని కాల్చిపెడతావా? చేతకాకపోతే షాపు మూసుకో!"

రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆయన మిషన్ అందుకుని నట్టు వేళ్ళతో తిప్పబోయాడు. కదల్లేదు. పట్టకారు తేవాల్సి వచ్చింది.

"దీన్నెవరు బిగించారండీ?"

నేనే. మొదలుపెట్టే ముందు స్పానర్‌తో ఒక చుట్టు వేశాను. పదేళ్ళు కృత్తివెన్నులో రొయ్యల చెరువులకి ఏరియేటర్లు, అంటే నీళ్ళు చిలికి గాలి కలిపే ఫ్యాన్లు, బిగించినవాణ్ణి. ఉప్పుగాలికి అక్కడ ఏ బోల్టూ నిలవదు. ఎవరెంత బిగించినా పైన ఇంకో చుట్టు మన చేత్తో వెయ్యాలి, లేకపోతే ఫ్యాను ఊడి చెరువులో పడుతుంది. ఆయన వద్దని చెప్పిన మాట చెవిలో ఉండగానే చెయ్యి తన అలవాటు తను కానిచ్చేసింది. ఆ చేతిని ఏం చేసినా పాపం లేదనిపించింది.

పెద్దాయన నట్టు వదులుచేసి, మిషన్ కాసేపు నడిపి, బ్లేడు తన మణికట్టుకి ఆనించుకున్నాడు. "చల్లగా ఉంది, చూడండి. నట్టు బిగిస్తే బ్లేళ్ళు ఒరుసుకుని కాలతాయి," అన్నాడు. తప్పయిపోయిందండీ అన్నాను.

"పర్లేదండీ. గుర్రం ఎలా ఉంది?"

తిరిగి నాలుగు తిట్టినా బాగుండేది.

పుండ్లు మానాయి. కాలిన చారల మీద వెంట్రుకలూ వచ్చాయి. మిషన్ ఇప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. స్విచ్ వేస్తే చాలు, గుర్రం గోడకి అతుక్కుపోయి వణుకుతుంది. అందుకే కత్తెరతో తీస్తున్నాను, పూటంతా పడుతుంది. కదలకుండా నిలబడుతుంది పాపం. గడ్డం మాత్రం నా భుజం మీద పెట్టదు.