దిక్కు మార్చే పలక

ఈ ఉదయం ల్యాబ్‌లో ఒక విద్యార్థిని టంకం పెడుతుంటే ఆ పొగ వాసనకు వసుధ మేడం గుర్తొచ్చారు. సూరత్‌లో నా పరిశోధనకు ఆమె గైడ్. హనుమకొండ మనిషి. క్లాసులో తలుపు దగ్గర మొదలుపెట్టిన వాక్యాన్ని కిటికీ దగ్గర ముగించేవారు.

లాక్‌డౌన్‌లో కాలేజీ మూతపడింది. సూరత్ శివారు భేస్తాన్‌లో నాన్న నడిపే మరమగ్గాలు ఆగిపోయాయి. రైలు దొరకగానే అందరం మా ఊరు సిరిసిల్ల వెళ్లిపోదామని, నా చదువు ఇక చాలని నాన్న తేల్చేశాడు. ఆ మాట నేను ఫోన్‌లో చెప్పిన మర్నాడే మేడం స్కూటర్ మీద మా ఇంటి ముందు దిగారు. చేతిలో మా ప్రయోగపు పలక. దాని నిండా వరుసలుగా రాగి గళ్లు, గడికీ గడికీ మధ్య బియ్యపు గింజ కన్నా చిన్న డయోడు.

“గిది ఏం జేస్తది మేడం?” గడప లోపలి నుంచే అడిగాడు నాన్న.

“ఫోన్ సిగ్నల్ అసొంటి తరంగం గోడకు తగిల్తే దాని దారిన అది పోతది అన్నా. దీనికిచ్చే కరెంటు జర మారిస్తే మనం చెప్పిన దిక్కుకు మళ్లుతది. పలక మాత్రం కదలదు.”

“కదలకుండనేనా?”

“కదలకుండనే. మీ బిడ్డ చేస్తున్న పనే ఇది. సగంల ఉన్నది. పిల్లను మా ఇంట్ల ఉంచుకుంట.”

నాన్న చాలాసేపు పలకనే చూశాడు. “మేం పోతం. పిల్లను మీరు జూసుకోండ్రి,” అన్నాడు చివరికి.

ఆల్థాన్‌లోని ఆమె ఫ్లాట్‌లో ప్రయోగం సాగలేదు. ఫ్రిజ్, ఇనప బీరువా తరంగాలను తిప్పికొట్టి కొలతలు చెడగొట్టేవి. అన్నీ మోసుకుని డాబా మీదికి చేరాం. మాడ్చే ఎండ, కింద అంబులెన్సుల మోత. వోల్టేజి ఎంత మార్చినా తరంగం మళ్లలేదు. విసుగొచ్చి పలక మొత్తం విప్పబోయాను.

“అన్నీ ఒక్కసారే విప్పకు. ఒక్కో వరుస చూసుకుంట పో,” అన్నారు, పిట్టగోడ వెంట తిరుగుతూనే.

అలా చూస్తే సగం వరుసలకు కరెంటే అందడం లేదని తేలింది. తెగిన తీగ అతికించి వోల్టేజి పెంచాను. మళ్లిన తరంగాన్ని అందుకోడానికి పక్కకు పెట్టిన యాంటెన్నాలో సంకేతం మెల్లగా లేచింది. తగ్గించగానే పడిపోయింది. మేడం ఆ వేడి నేల మీదే చతికిలబడి, “మీ నాన్నకు ఫోన్ చెయ్,” అన్నారు.

రెండో వేవ్‌లో ఆమె పోయారు. ఆసుపత్రి నుంచి చేసిన చివరి వీడియో కాల్‌లో, ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, “యాంటెన్నా ఇంకా పక్కకు జరిపితే తరంగం అందాక మళ్లుతదా, చూసినవా?” అని అడిగారు. లేదన్నాను.

“మరి నాతోని ఏం మాట్లాడుతున్నవు? పోయి చూడు.”

ఫోన్ పెట్టేసి డాబా మీదికి పరుగెత్తాను. థీసిస్ మరొక గైడ్ దగ్గర పూర్తిచేశాను. తెలియని సంగతి ఎవరైనా అడిగితే, అప్పటినుంచి నేను కూర్చుని జవాబు ఊహించను. మాట మధ్యలోనైనా లేచి వెళ్లి చూస్తాను.