కొండ వెనక మూగబోయిన ఫోను

2022లో, మాఘమాసం ముహూర్తాలు ఇంకా నెల రోజులున్నాయనగా మొదలైన సంగతి ఇది. గజపతినగరం మెయిన్ రోడ్డులో మాది చిన్న మొబైల్ షాపు. రిపేర్లు మా ఆయన చూస్తారు. సిమ్ములు, ఫోన్ల అమ్మకం, వచ్చినవాళ్ళకు సమాధానం చెప్పడం నా వంతు. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాన్నగారు ఇంట్లోనే నాకు తెలుగు, తరువాత ఇంగ్లీషు అక్షరాలు దిద్దించారు. ఆయన దయవల్ల ఫోన్ల అట్టపెట్టెల మీద రాసినవి కూడబలుక్కుని చదవగలను. పొద్దున్నే దీపం పెట్టుకుని షట్టరు తీస్తే, ఇన్నేళ్ళుగా ఆ కౌంటరే మాకు అన్నం పెడుతోంది. ఆ కౌంటరే ఒకసారి నన్ను ఎలా బోల్తా కొట్టించిందో చెబుతాను.

సన్నాయి సింహాచలం గారు మాకు పాత ఖాతాదారు. ఊరు ఇక్కడికి ఎనిమిది కిలోమీటర్లు, ఒక చిన్న కొండ వెనక. పెళ్ళిళ్ళకు, గుళ్ళకు సన్నాయి వాయిస్తారు. నన్ను చెల్లెమ్మా అంటారు, నేను అన్నయ్యా అంటాను. ఆ రోజు నల్లగా మెరిసే పెద్ద ఫోను ఒకటి పెట్టెతో సహా తెచ్చి కౌంటరు మీద పెట్టారు.

"మా బావమరిది షిప్పులో పన్జేస్తాడు కదా, యూరప్‌లో కొన్నాడట. మన సిమ్ము ఇందులో పడతాదేటి, సెల్లెమ్మా?"

పెట్టె మీద 'అన్‌లాక్డ్' అని ఉంది. సిమ్ కంపెనీలు తమ పేరుతో అమ్మే ఫోన్లు కొన్ని లాక్ అయి వస్తాయి, అంటే ఆ కంపెనీ సిమ్ తప్ప ఇంకోటి తీసుకోవు. అన్‌లాక్డ్ ఫోనుకు ఆ కట్టుబాటు ఉండదు. అప్పటిదాకా ఆయన వాడుతున్నది లాక్ అయిన ఫోనే. సిమ్ కంపెనీవాళ్ళు చౌకగా అమ్మినది, వెనక మూత పగిలింది, రబ్బరు బ్యాండు వేసి ఉంచారు.

"ఇది ఏ సిమ్ అయినా తీసుకుంటుందన్నయ్యా. ఎక్కడైనా పనిచేస్తుంది. ఆ పాతది ఇంకెందుకు?" అన్నాను, చాలా తెలిసినదానిలా.

సిమ్ మార్చాను. అక్కడే నా నంబరుకు ఫోన్ చేయించాను. గంటలా మోగింది. పాత ఫోను నా సొరుగులో వదిలేసి ఆయన సంతోషంగా వెళ్ళిపోయారు.

వారం తిరగకుండా మళ్ళీ వచ్చారు. "ఇంటికాడ ఒక్క గీతా రాట్లేదు తల్లీ. ఇక్కడ సూడు, నాలుగున్నాయి."

నిజంగానే నాలుగు గీతలున్నాయి. నెట్‌వర్క్ సెట్టింగులు రీసెట్ చేశాను. మూడు రోజులకు మళ్ళీ వచ్చారు. సిమ్ పాతబడిందేమోనని అదే నంబరుతో కొత్త సిమ్ ఇచ్చాను. మళ్ళీ వచ్చారు. మా ఆయన ఫోను తిప్పి తిప్పి చూసి, "ఇందులో లోపం ఏమీ లేదే" అన్నారు. చివరికి వెనక కవరు కూడా తీయించాను. ప్రతిసారీ మా కౌంటరు దగ్గర ఫోను బంగారంలా మోగేది. కొండ దాటితే మూగపోయేది. అదే సిమ్ము, అదే కంపెనీ, అదే ఊరు, పాత ఫోనుతో అక్కడ ఏళ్ళ తరబడి మాట్లాడారు. నాకు తల తిరిగిపోయింది.

నాలుగోసారి ఆయనతో డోలు వాయించే అప్పన్న కూడా వచ్చాడు. వస్తూనే అందుకున్నాడు.

"పారిన్ ఫోనొచ్చిన కాడ్నించి మా బావకి గీర పెరిగిపోనాదని ఊరూరా అంతన్నార్రా బాబూ. ఫోన్ జేస్తే 'అందుబాటులో నేరు' అంతాది. కలెట్టరు దొరుకుతాడు గానీ ఈయన దొరకడు!"

"నువ్వూరుకోరా," అన్నారు సింహాచలం గారు. ముఖంలో నవ్వు లేదు. "రెండు పెళ్ళిళ్ళు పోనాయి, పోతే పోనీ. ఏకాదశి కల్యాణానికి పిలుపు రాలేదు సెల్లెమ్మా. మా తాత కాన్నించి ఆ గుళ్ళో మా సన్నాయే."

గరివిడి వైపు ఒక ఊరి గుడి అది. మాఘ ఏకాదశికి స్వామి కల్యాణం. వెనక రోజుల్లో గుడి తరఫున ఒక మనిషి ఆకు వక్క పట్టుకుని సన్నాయివాళ్ళ ఇంటికి వచ్చి పిలిచేవాడట. ఈమధ్య ధర్మకర్త గారు ఫోన్ చేసి పిలుస్తున్నారు. ఆ ఫోనే తాంబూలం కింద లెక్క.

"మీరే ఒక ఫోన్ చేసి అడగొచ్చు కదా, అన్నయ్యా?"

ఆయన నా వైపు వింతగా చూశారు. "అడిగి తెచ్చుకుంటే అది తాంబూలమేటి? స్వామి పిలవాల, మేం ఎల్లాల. పిలవకపోతే ఇంకొకరికి సెప్పుకున్నట్టే."

ఏకాదశికి అయిదు రోజులే ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. 'ఎక్కడైనా పనిచేస్తుంది' అన్న మాట నాది.

మర్నాడు పదింటికి మా ఆయనను కౌంటరులో కూర్చోబెట్టి ఆటో ఎక్కాను. సిమ్ బాగుందో లేదో అక్కడే చూద్దామని, సొరుగులో ఉన్న ఆయన పాత ఫోను కూడా సంచీలో వేసుకున్నాను. నన్ను చూసి సింహాచలం గారి భార్య రవణమ్మ వదిన అరుగు మీద చాప పరిచింది.

"డాక్టరమ్మ ఇంటికొచ్చినట్టు ఒచ్చినావు. నాడి సూడు మరి" అంది.

పెద్ద ఫోను పట్టుకుని అరుగు, వాకిలి, పెరడు, పశువుల సాల, అన్నీ తిరిగాను. ఒక్క గీత లేదు. సిమ్ తీసి, రబ్బరు బ్యాండు వేసిన పాత ఫోనులో పెట్టాను. నిమిషం గడిచింది. మూడు గీతలు నిలబడ్డాయి. ఆశ్చర్యం తీరకముందే ఫోను కీచుకీచుమంటూ మెసేజీలు దింపడం మొదలుపెట్టింది. అన్నీ మిస్డ్ కాల్స్, ఫోను అందని వేళల్లో ఎవరెవరు చేశారో కంపెనీ పంపే జాబితా. చదువుతూ పోయాను. ఒక నంబరు దగ్గర సింహాచలం గారు నా చెయ్యి పట్టుకున్నంత పని చేశారు.

"అది ధర్మకర్త బాబుది!"

నిన్న అన్నయ్య ఇల్లు చేరాక మూడుసార్లు చేశారు. ఆఖరిది ఈ పొద్దున.

"చెయ్యండి, అన్నయ్యా."

ఆయన తల అడ్డంగా ఊపారు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఆచారం నాది కాదు కనుక నేను చేశాను.

"బాబూ, నేను గజపతినగరంలో ఫోన్ల షాపు మనిషినండి. సింహాచలం గారి ఫోను సంగతి..."

"ఆడికి పారిన్ ఫోనొచ్చినాదటగా! మాతో మాటాడతాడేటి?" అని అటునుంచి గొంతు లేచింది. "మూడుమార్లు సేసినాను. సాయంత్రానికి ఇంకో మేళానికి సెప్పేద్దామనుకుంతన్నాను."

"తప్పు ఆయనది కాదండి, నాది. పనిచేయని ఫోను పనిచేస్తుందని నేనే చెప్పాను. నెల రోజులుగా ఇంటి దగ్గర ఆయనకు ఒక్క ఫోనూ అందలేదు."

అటు గొంతు తగ్గింది.

"పక్కనే ఉన్నాడా?"

"ఉన్నారండి. ఇవ్వమంటారా?"

"ఒద్దు. పెట్టెయ్యమ్మా" అని కట్ చేశారు.

చెడగొట్టిందీ నేనే, ఇంకా చెడగొట్టిందీ నేనే అనుకుని మనసులో స్వామిని తలుచుకున్నాను. వదిన ఫోను వైపే చూస్తోంది. సింహాచలం గారు లేచి, భుజం మీది కండువా సర్దుకుని, తూర్పుముఖంగా నిలబడ్డారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

అప్పుడు పాత ఫోను మోగింది. ధర్మకర్త గారి నంబరే. ఆయన రెండు చేతులతో అందుకున్నారు.

"సిత్తం బాబూ... సిత్తం... వస్తాం బాబూ." అంతే మాట్లాడారు. పెట్టేశాక కళ్ళు తుడుచుకున్నారు. వదిన లోపలికి పోయి నాకు పళ్ళెంలో ఆకు, వక్క, అరటిపండు తెచ్చి ఇచ్చింది.

అసలు కారణం తరువాత విజయనగరంలో సిమ్ కంపెనీ ఆఫీసులో అడిగి తెలుసుకున్నాను. అక్కడి అబ్బాయి మొదట అడిగిన ప్రశ్న, "ఆ ఫోనుకు ఏ బ్యాండ్లు ఉన్నాయండీ?" అని. ఫోను పెట్టె వెనక 1, 3, 7, 8, 20 అని ఒక వరస ఉంది. ఇన్నేళ్ళలో అలాంటి అంకెలు ఎన్ని పెట్టెల మీద చూశానో! ఏదో లైసెన్సు నంబరనుకుని దాటేసేదాన్ని. అవే బ్యాండ్లు. రేడియోలో స్టేషన్లున్నట్టు, టవరు కొన్ని నంబర్ల మీద మాట్లాడుతుంది. ఆ నంబర్లు ఫోనుకు వినపడాలి. మా షాపు దగ్గరి టవరు 3 మీద కూడా పలుకుతుంది, ఈ ఫోనుకు అది ఉంది. కొండ వెనకకు ఆ కంపెనీ నుంచి అందేది 5 ఒక్కటే, దూరం పోయే బ్యాండు. యూరప్ కోసం చేసిన ఫోనుకు అది లేదు. చౌక ఫోనును కంపెనీ తన టవర్ల కోసమే చేయించుకుంది కనుక దానికి ఉంది. లాక్ తీసేసిన ఫోను ఏ సిమ్‌నూ కాదనదు, నిజమే. కానీ ఆ సిమ్ కంపెనీ మాట దానికి వినపడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఆ హామీ ఇచ్చింది నేను.

ఇదంతా నాకు పూర్తిగా అర్థమైందని ఇప్పటికీ అనలేను. కంటికి కనపడని వాటికి నంబర్లేమిటో, కొండ ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని వదలడమేమిటో! కానీ ఆ రోజు నుంచి ఫోను కొనడానికి ఎవరొచ్చినా నేను ముందు అడిగేది ఏ ఊరు, ఇల్లు ఎటువైపు అని. ధర, కెమెరా తరువాత. పెట్టె వెనక అంకెలు వేలు పెట్టి చదువుతాను. బయటి దేశం ఫోను తెస్తే, పాత ఫోను ఇంట్లోనే ఉంచుకోమని, వారం వాడి చూశాక చెప్పమని అంటాను. నా కౌంటరు మీద మోగింది కదా అని ఎవరికీ మాట ఇవ్వను. తప్పు చేసినా దిద్దుకునే వ్యవధి మిగిల్చాడు స్వామి. అందుకు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఏకాదశి నాడు కల్యాణానికి మేమిద్దరం వెళ్ళాం. మంగళసూత్రధారణ వేళ సన్నాయి లేచింది. సింహాచలం గారి మొలలో రబ్బరు బ్యాండు ఫోను ఉంది. అప్పన్న పక్కన, పట్టుగుడ్డ మీద, ఆ నల్ల ఫోను పడుకుని ఉంది. శ్రుతిపెట్టెకు బదులు అందులో శ్రుతి పెట్టుకున్నారు. కల్యాణం అయ్యేదాకా అది ఒక్క గీతా లేకుండా శ్రుతి తప్పకుండా పలికింది.