చారులో ఉప్పు

ఇంగువ పోపు చారులో పడి చుయ్యిమన్నప్పుడల్లా వసుంధర ఆంటీ వెర్రిబీ ఊళ్లోని మా ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నట్టే ఉంటుంది నాకు. ఈ మధ్యాహ్నమూ అంతే. అమ్మ పొయ్యి దగ్గర ఉంది, నేను బయటికి వెళ్లడానికి బ్యాగు సర్దుకుంటున్నాను. ఆ వాసన తగలగానే చేతులు ఆగిపోయాయి. ఆవిడ మాకు చుట్టం కాదు, డాక్టరూ కాదు. నాన్న కడుపులోని క్యాన్సర్ ఇక మందులకు లొంగదని తేలాక, ఇంటికే వచ్చి బాధ తగ్గేలా చూసే పాలియేటివ్ కేర్ వాళ్లు పంపిన వాలంటీరు. మంగళవారం మధ్యాహ్నాలు వచ్చి నాన్న దగ్గర కూర్చునేది.

మొదటి రోజే నాకు ఒళ్లు మండింది. ఇల్లెంతకు కొన్నారు, పిల్ల పెళ్లెప్పుడు అని ప్రాణం తోడేసే ఆంటీలకు ఇక్కడ కొదవ లేదు. ఈవిడా ఆ బాపతే అనుకున్నాను. వస్తూనే "ఈ చలికి మీ కరివేపాకు మొక్క ఎలా బతికిందమ్మా?" అని నన్నడిగింది. మంచం పక్కన కుర్చీ లాక్కుని, "ఈ దేశం వచ్చిన కొత్తలో మీకు బాగా వింతగా అనిపించిందేంటండీ?" అని నాన్ననడిగింది. "మాగ్‌పై పిట్టండీ. నా బట్టతల మీద తన్ని పోయింది. నెల్లాళ్లు హెల్మెట్ పెట్టుకుని పాలకెళ్లాను" అన్నాడు నాన్న. ఎన్ని వారాల తర్వాతో ఇంట్లో నవ్వు వినిపించింది. అందరూ నాన్నను నొప్పి ఎలా ఉందని అడిగేవాళ్లు. నాన్న గురించి అడిగింది ఈవిడొక్కతే. ఇంత ఆరా ఎందుకో, అలా అడిగితే మనిషికి ఎందుకు తేలికవుతుందో తెలుసుకోవాలనిపించి, మంగళవారాలు నేనూ గదిలోనే కూర్చోవడం మొదలుపెట్టాను.

అప్పటికి మా ఇంట్లో అసలు యుద్ధం అన్నం పళ్లెం మీద. శరీరం ఇక తిండి అడగదని, బలవంతపెడితే బాధేనని నర్సు చెప్పినా అమ్మ వినలేదు. కలిపి ముద్దలు పెట్టేది. కాదనలేక నాన్న మింగేవాడు, కాసేపటికి కక్కేవాడు. "స్టాప్ ఇట్ అమ్మా, ప్లీజ్!" అని నేను అరిస్తే, "తినకపోతే మనిషెలా నిలబడతారే?" అని అమ్మ ఏడ్చేది. ఒక మంగళవారం అమ్మ ముద్ద ఎత్తేసరికి నాన్న పెదవులు బిగించాడు. కంటి చివర నీళ్లు. నేను పళ్లెం లాక్కోబోయాను.

"శారదగారూ, చారు మీరెలా పెడతారు?" అంది ఆంటీ, ఏమీ జరగనట్టు. "ఇంత వాసన మా ఇంట్లో రాదు, ఎందుకంటారు?"

అమ్మ విసుగ్గా చూసింది. అయినా చారు సంగతి అడిగితే ఊరుకోలేదు కదా! ధనియాలు, కందిపప్పు వేయించడం దగ్గర మొదలుపెట్టింది. చేతులు తిప్పుతూ చెప్పడానికి పళ్లెం బల్ల మీద పెట్టేసింది. నాన్న కళ్లు మూసుకుని వింటున్నాడు. "మిరియాలు మర్చిపోయావు" అన్నాడు మెల్లగా.

ఆంటీ నర్సుకు ఫోన్ చేసి అడిగింది. రుచికి ఒక చుక్క ఫరవాలేదంది నర్సు. నాన్న నోరు తడపడానికి ఇచ్చిన స్పాంజి పుల్లను గోరువెచ్చని చారులో ముంచి, పిండి, అమ్మ చేతికిచ్చింది ఆంటీ. అమ్మ ఆ పుల్లను పెదవులకు అద్దింది. నాన్న నాలుకతో తడుముకుని, "ఉప్పు తగ్గింది" అన్నాడు.

"పెళ్లైన దగ్గర్నుంచీ ఇదే మాట!" అని అమ్మ నవ్వింది. నవ్వుతూనే ఆయన చేతి మీద తల పెట్టుకుని భోరుమంది. ఆ తర్వాత మళ్లీ పళ్లెం తేలేదు. చివరి దాకా నాన్న పెదవులు తడుపుతూ కబుర్లు చెప్పింది. నాన్న ఏ పెనుగులాటా లేకుండా వెళ్లిపోయాడు. ఆ ఒక్కదానికి నేను ఆంటీకి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

"మీకు నిజంగా చారు పెట్టడం రాదా ఆంటీ?" అని తర్వాత అడిగాను.

"వచ్చులే. మీ అమ్మ చారు రాదు కదా! ట్రైనింగ్‌లో అడ్వైజులు ఇవ్వొద్దన్నారు. ఇక నాకు చేతనైంది అడగడమే" అంది.

ఆవిడిప్పుడు సిడ్నీలో కూతురి దగ్గర ఉంటోంది. మంగళవారాలు ఇప్పుడు నేను వాలంటీరుగా వెళ్తున్నాను. ఇవాళ ఒక గ్రీకు తాతగారింటికి. ఆయనతో ఏం మాట్లాడాలో తెలియదు కానీ, ఆయనకు ఈ దేశంలో ఏం వింతగా అనిపించిందో వినాలని మాత్రం ఉంది.

అమ్మ ఇప్పటికీ చారులో ఉప్పు చిటికెడు తక్కువే వేస్తుంది. గరిటెతో నా అరచేతిలో కాస్త పోసి, నా మొహంకేసి చూస్తూ నిలబడుతుంది.

"ఉప్పు తగ్గిందమ్మా" అంటాను.

అప్పుడు వేస్తుంది.