రెండు పళ్లేల మలీద

తొంభైల చివర మాదాపూర్‌లో నాకు జీతమిచ్చిన పని, కంప్యూటర్లలో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలుగా మార్చడం. అందులో మహా ఉత్సాహం ఉండేదని చెప్పలేను. కిరాయికున్న ఇంట్లో ప్రతి గురువారం అంతకంటే పాత సమస్య ఒకటి నడిచేది.

ఇంటాయన సాయంత్రం ఊదు వెలిగించి, గుట్ట మీది దర్గాలోని వలీ మహాత్ముడి పేర మలీద మీద ఫాతిహా చదివేవారు. రొట్టెలూ బెల్లమూ రోట్లో దంచి ఆ మలీద చేసేది ఆయన భార్య. కొత్త మసీదుకు పోవడం మొదలుపెట్టాక వాళ్లబ్బాయి దాన్ని ముట్టుకోవడం మానేశాడు.

“అల్లాను అడగనీకి నడుమ ఇంకొకలెందుకు బాబా?”

“నీ నౌకరికి సిఫారసు తేలేదారా? పెద్దమనిషితోని ఒక మాట చెప్పించుకునుడు తప్పా?”

“సిఫారసు మనం తెల్వనోళ్ల కాడికి తీస్కపోతం. అల్లాకు నేను తెల్వదా?”

డిగ్రీ ఉందని ఇద్దరూ నావైపు చూసేవారు. నేను మంచినీళ్లు తాగేవాణ్ణి.

అబ్బాయి తల్లికి ఈ వాదంతో పని లేదు. కొడుకు తన చేతి మలీద తినాలి, అంతే. చివరికి ఆమే దారి కనిపెట్టింది: ఫాతిహాకు ముందే కొంత తీసి వేరే పళ్లెంలో పెట్టడం. దాన్ని అతను తినేవాడు. చాలా వారాలు శాంతి.

అతని గది మేడ మీద, నా పక్కనే. ఒక గురువారం మోకాళ్ల నొప్పులతో ఆమె రెండు పళ్లేలూ నా చేతికిచ్చింది. “బిడ్డా, ఎడమ చేతిది వానిది, కుడిది నీది.” మెట్ల మధ్యలో చెప్పు తెగింది. పళ్లేలు కింద పెట్టి మళ్లీ తీసుకున్నాను. ఏది ఏ చేత్తో తీసుకున్నానో గుర్తులేదు.

“అన్నా, ఇది చదవనిదే గదా?” అన్నాడతను.

అవునంటే అయిపోయేది. మెట్ల కింద ఆమె తలెత్తి చూస్తోంది. పొద్దున్నుంచి తేదీలు దిద్ది దిద్ది, అబద్ధమాడే ఓపిక కూడా మిగల్లేదు.

“తెలీదయ్యా. కలిసిపోయాయి.”

పళ్లెం మెల్లగా కింద పెట్టి మూత పెట్టాడు. “మాఫ్ చెయ్ అమ్మీ” అన్నాడు కిందికి చూసి.

మరుసటి గురువారం కిందికి దిగేసరికి ఆమె రోటి దగ్గర రొట్టెలు రెండు కుప్పలుగా పెట్టుకుని కూర్చుంది. అబ్బాయి అప్పుడే పని నుంచి వచ్చాడు.

“రెండుసార్లు దంచుడెందుకమ్మీ?”

“మల్ల కలుస్తయని.”

అతను చొక్కా చేతులు మడిచి రోకలి అందుకున్నాడు. తనది దంచాడు. రోలు కడిగి, ఫాతిహాదీ దంచడం మొదలుపెట్టాడు.

“నువ్వు తినవు గదరా!” అన్నారు ఇంటాయన.

“నేను తిన. మీరు తింటరు గదా.”

ఆ వారం మలీద బరకగా వచ్చింది. ఇంటాయన చదవాల్సింది చదివి, పళ్లెం ఖాళీ చేశారు.