చేపల చట్టిలో మామిడిపండు కాబ్లరు

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. ఒక చేపల చట్టి గోల ఎవరికి కావాలి... కానీ మొన్న మా మనవరాలు కరెంటు చట్టి ఒకటి కొనుక్కొచ్చింది. పొద్దున పండ్లూ పిండీ వేసి మీట నొక్కి ఆఫీసుకు పోతే, సాయంత్రానికి కాబ్లరు తయారట. "ఇది నీకు తెలియదులే తాతా" అంది. ఆ మాటకే రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... అంటే అరవైల మొదట్లో, ఒక ఎండాకాలం పొద్దున, కోట అనే ఊరి దగ్గర మా పల్లెలో, మార్తత్త పెరట్లో కూర్చుని కిరసనాయిలు డబ్బాలోకి వడ్ల ఊక కూరుతోంది. డబ్బా మధ్యలో రోకలి నిలబెట్టి, చుట్టూ ఊక దట్టించి, రోకలిని మెల్లగా పైకి లాగితే గొట్టంలాంటి ఖాళీ మిగులుతుంది. అడుగున కోసిన కంతలోంచి నిప్పు పెడితే చాలు. మంట పెద్దగా ఉండదు. ఐదారు గంటలు అలా నిదానంగా కాలుతూనే ఉంటుంది.

మార్తత్త మా నాయనకు అక్క. భర్త పోయాక టౌనులో మిషన్ బంగళాలో చాలా ఏళ్ళు వంట చేసింది. దొరసాని తన దేశం వెళ్ళిపోయాక ఆ వంటిల్లు మూతపడింది, అత్త మా ఇంటికొచ్చింది. అమ్మ ఆమెను ఒక్క మాట అనేది కాదు. అయినా అత్త, మేము అన్నం తిని చెయ్యి కడిగేలోపే మా కంచాలన్నీ తోమేసేది... ఊరికే తింటోందని ఎవరైనా అనుకుంటారేమోనని.

టౌనులో ఆడపిల్లల హాస్టలుకు కొత్తగా ఒక వార్డెనమ్మ వచ్చింది. బందరు వైపు మనిషి. వంటమనిషి కోసం చూస్తోందని తెలిసి అత్త కబురు పెట్టింది. ఆదివారం ఆరాధనకు మీ ఊరి గుడికి వస్తున్నాను, దొరసానికి చేసిపెట్టిన ఆ కాబ్లరేదో నాకూ పెట్టు, తిని చెబుతాను... అని జవాబొచ్చింది.

కాబ్లరంటే ఏమీ లేదు. అడుగున బెల్లంలో మగ్గే మామిడిపండు ముక్కలు, పైన మైదా, వెన్న, పాలు కలిపిన ముద్దలు. ఉడికాక పైన రొట్టె, కింద పాకం. దానికి బంగళాలో ఇనప ఓవెన్ ఉండేది. మాకు ఊక పొయ్యి ఉంది.

శుక్రవారం ఇత్తడి గిన్నెలో చేసి చూసింది. అడుగంటింది. శనివారం పొద్దున సత్తు గిన్నె. అదీ మాడింది. మాడిన రెండూ మేమే తిన్నాం, ఏ ఫిర్యాదూ లేదు.

నిదానపు సెగకు మందపాటి మట్టిచట్టి కావాలి. కొత్తదైతే కడుగు పోసి కాచి పదును చెయ్యకుండా పొయ్యెక్కిస్తే పగులుతుంది. ఇంట్లో పదునెక్కిన చట్టి ఒక్కటే... చేపల పులుసుది.

ఇక్కడ కాస్త పక్కదారి పడతాను. మా వైపు చేపల చట్టి దారి వేరు. అందులో పప్పు వండరు, పాలు కాచరు. అమ్మ చట్టి ఆమె కాపురానికొచ్చిన నాటిది. పులుసు అందులోనే పెట్టి, అందులోనే ఉంచి, మర్నాడు తినేవాళ్ళం. ఆ చట్టి మీద పెట్టిన శ్రద్ధ మా నాయన నా చదువు మీద పెట్టి ఉంటే నేను ఐదో తరగతి దాటేవాణ్ణి. సరే, అసలు సంగతి...

"వద్దు వదినా, దాని వాసన పోదు" అంది అమ్మ.

"బూడిదేసి రుద్దతాను మే."

"రుద్దు. నేను పదమూడేండ్ల నుంచి రుద్దతానే ఉండా."

అత్త బూడిదతో రుద్దింది, చింతపండుతో రుద్దింది, బియ్యం కడుగు పోసి కాచింది. నాలుగుసార్లు. ప్రతిసారీ చట్టి తెచ్చి మా అందరి ముక్కుల దగ్గరా పెట్టేది. వాసనే లేదన్నాం. అబద్ధం కాదు. పుట్టినప్పటి నుంచి ఆ వాసనలోనే పెరిగినవాళ్ళం... మా సాక్ష్యం చెల్లదని అప్పుడెవరికీ తోచలేదు.

ఆదివారం తెల్లారగానే చట్టి పొయ్యెక్కింది. ఆవిరి నీళ్ళు పిండి మీద పడకుండా అత్త మూత కింద గుడ్డ కట్టింది. అందరం గుడికి పోయాం. నిదానపు వంటలో అదే సుఖం, కాపలా అక్కర్లేదు. మా పాస్టరు అయ్యగారి ప్రసంగానికీ ఊక పొయ్యికీ ఆ రోజు గట్టి పోటీయే జరిగింది.

మధ్యాహ్నం వార్డెనమ్మ వచ్చి కూర్చుంది. అత్త మూత తీసింది. రొట్టె బాగా పొంగింది, అంచుల్లో పాకం పైకి తేలింది. వార్డెనమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది.

"ఈ చట్టిలో మామూలుగా ఏం వండుతారమ్మా?"

అమ్మ వెనకనుంచి అత్త కొంగు లాగింది. అడిగితే కొత్త చట్టి అని చెప్పమని పొద్దుటినుంచీ నూరిపోస్తోంది. అత్త కొంగు విడిపించుకుంది.

"చేపల పులుసమ్మా. నాలుగు దఫాలు కడిగినాను. పోలేదు."

"ఏం చేప?"

"మొన్న బుధవారం వంజరం."

"మామిడికాయ వేస్తారా?"

"మామిడికాయ లేకుండా పులుసేందమ్మా!" అనేసి నాలుక కరుచుకుంది అత్త.

 వార్డెనమ్మ పెట్టిందంతా తిని, మళ్ళీ వేయించుకుంది. నీళ్ళు తాగి, "కబురు చేస్తాను" అని వెళ్ళిపోయింది. పని ఇచ్చినట్టో ఇవ్వనట్టో ఎవరికీ అర్థం కాలేదు. ఆ సాయంత్రం అత్త మా కంచాలు రెండుసార్లు తోమింది.

మంగళవారం హాస్టలు నుంచి జట్కా వచ్చింది. తోలేవాడు అత్త పెట్టె ఎక్కించి, మళ్ళీ గుమ్మంలోకి వచ్చాడు.

"చట్టి కూడా తెమ్మన్నారు అమ్మగారు."

 అమ్మ లోపలికి పోయి, చట్టిని గడ్డిలో చుట్టి, తనే తెచ్చి అత్త ఒళ్ళో పెట్టింది. "జాగర్త వదినా, ఒక పక్క అంచు పల్చన" అంది.

మా కొత్త చట్టికి ఆ రుచి రావడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ నాయనకు నెలకొకసారి హాస్టలు వైపు ఏదో ఒక పని పడుతూనే ఉండేది.

ఇప్పుడు ఏ గిన్నె అయినా ఒకటే, అన్నిట్లో అన్నీ వండుతాం... మీ ఇళ్ళలోనూ ఒక్కదానికే కేటాయించిన గిన్నె ఒకటి ఉండే ఉంటుంది. అది చివరికి ఎవరి చేతికి పోయిందో కింద రాయండి, తీరిగ్గా చదువుతాను.

మొన్న ఆదివారం మా మనవరాలు ఆ కరెంటు చట్టిలో చేపల పులుసు పెట్టింది. సోమవారం అందులోనే కాబ్లరు చేసింది. మూత తీయగానే దగ్గరికి పోయి వాసన చూశాను. మామిడిపండు వాసన, కాస్త నిమ్మ సబ్బు వాసన. కప్పులో వేసి ఇచ్చింది. తిన్నాను.